ఎక్కడికని అడగని ఇల్లు

నిన్న పొద్దున చాయ్ తాగుతుండగా మా అక్క కూతురు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. ఆఫీసు స్నేహితులంతా కలిసి వచ్చే ఆదివారం భూపాలపల్లి దగ్గరి పాండవుల గుట్టలకు పోదామనుకుంటున్నారట. ఎవరో కుర్రాడు ఆ రాతి చీలికల మధ్య చేతులు చాచి నిలబడి, ఇంత గొప్ప లోయ చూడటానికి విమానం ఎక్కాల్సిన పని లేదని వీడియో పెట్టాడట. అది చూసినప్పటి నుంచి వీళ్ల కాళ్లు ఒకచోట నిలవడం లేదు. "చిన్నమ్మా, అండ్ల శాన తొవ్వలున్నయట గద, ఏది మంచిది? జర చెప్పరాదు" అని అడిగింది. నేను బడిలో ఆటల టీచరుగా పనిచేసి రిటైరైన మనిషిని. పిల్లలను గుట్టలెక్కించి, దించి, ఎవరి ఇంటికి వాళ్లను చేర్చడం నా ఉద్యోగంలో ఒక భాగం. అయినా ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగింది వాళ్ల నాయిన. ఆ మాటే అన్నాను. "నాయిన్నడిగితె నేను గూడ వస్తనంటడు చిన్నమ్మా" అంది. అందులో అబద్ధమేమీ లేదు.

వాళ్ల నాయిన, అంటే మా బావ, ఉద్యోగ జీవితమంతా బస్సు కండక్టరు. రిటైరై నెల్లికుదురులో స్థిరపడ్డాక గుండెలో ఒక రక్తనాళం మూసుకుపోయిందని దవాఖానలో చిన్న స్ప్రింగు వేశారు. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. బస్సులో ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ తప్ప ఎన్నడూ నడిచి ఎరుగని మనిషికి ఆ మాట బాగా నచ్చింది. మొదట ఊరి చుట్టూ తిరిగాడు. దారిలో ప్రతివాడూ ఆపి గుండె ఎట్లుందని పరామర్శిస్తుంటే విసుగొచ్చి, పరామర్శించేవాళ్లు లేని చోట్లు వెతుక్కున్నాడు. జఫర్‌గఢ్ కోటగుట్ట ఎక్కాడు. గూడూరు అడవిలోని జలపాతం దాకా పోయొచ్చాడు. చివరికి పాండవుల గుట్టల దగ్గర ఆయన మనసు చిక్కుబడిపోయింది. రెండువైపులా ఇంటి గోడల కంటే ఎత్తుగా లేచిన రాళ్లు, వాటి మధ్య మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందులు, నెత్తిన సన్నటి ఆకాశం, ఎండాకాలంలోనూ చల్లగా తగిలే రాయి, ఎప్పటివాళ్లో ఎర్రరంగుతో గీసిన బొమ్మలు. వీటి గురించి ఆయన చెప్తుంటే, ఇన్నేళ్లూ ఈ మనిషిలో ఈ మాటలన్నీ ఎక్కడ దాక్కున్నాయా అని మేము ముఖముఖాలు చూసుకునేవాళ్లం.

దారులను ఆయన బస్సుల్లాగే విడదీశాడు. గుట్ట మొదట్లోంచి బొమ్మల రాయి దాకా, అడుగడుగునా కూర్చోవడానికి వీలుండేది పల్లెవెలుగు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, కొత్తవాళ్లు అందులోనే ఎక్కాలి. రాతి సందుల్లోంచి పోయేది ఎక్స్‌ప్రెస్. మధ్యలో దిగుతానంటే కుదరదు కాబట్టి, ముందే ఆలోచించుకుని ఎక్కాలి. అంచులు పట్టుకుని పాకుతూ పైకి పోయేది డిపోకు పోయే బండి, చెయ్యెత్తినా ఆపొద్దు. కొత్తగా ఎవరైనా నేనూ వస్తానంటే మొదట వాళ్ల కాళ్ల వైపు చూసేవాడు. "చెప్పులు జూసి టికెట్ కొట్టాలె మరదలా. హవాయి చెప్పులకు పల్లెవెలుగే" అనేవాడు. వాన పడిన మర్నాడు సందుల్లోకి పోవద్దు, నాచు ఉంటుంది. దప్పిక కాకముందే నీళ్లు తాగాలి. ఎక్కేముందు, ఇక్కడి నుంచి దిగగలనా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి. ఎండ తల మీదికి రాకముందే ఎంత దూరంలో ఉన్నా వెనుదిరగాలి. రాళ్ల కింద పెద్ద పెద్ద తేనెతుట్టెలుంటాయి కనుక పొగ పెట్టొద్దు, సెంట్లు పూసుకోవద్దు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. ఇన్ని నియమాలు పెడితే ఎవరు మిగులుతారు? మొదట్లో వెంటపడిన తోటి రిటైర్డు కండక్టర్లు ఒక్కొక్కరే జారుకున్నారు. మా ఆయన ఒక్కసారి పోయి, ఇంత క్రమశిక్షణ నాకు ఇంట్లోనే దొరుకుతుందని నా వైపు చూస్తూ మానుకున్నాడు. బావ ఒంటరిగా పోవడం మొదలుపెట్టాడు.

ఇక్కడ మా పుట్టింటి అలవాటు ఒకటి చెప్పాలి. బయటికి పోయే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. అడిగితే ఆ పని చెడుతుందని నమ్మకం. ఈ నమ్మకం చాలా ఇళ్లలో ఉన్నదే కానీ, మా ఇంట్లో దానికి చట్టమంత బలం ఉండేది. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన గడప దాటుతుంటే అందరం నోళ్లు కట్టేసుకునేవాళ్లం. మా పెళ్లయిన కొత్తలో మా ఆయన తెలియక, "ఎక్కడికి మామా?" అని మర్యాదగా పలకరించాడు. బాపు వెనక్కి తిరిగాడు. లోపలికొచ్చి, చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, కాసేపు గోడ వైపు చూసి, మళ్లీ మొదటి నుంచి బయల్దేరాడు. ఈలోగా జనగామ బస్సు వెళ్లిపోయింది. పాపం, మా ఆయన ఆ సాయంత్రం దాకా తల ఎత్తలేదు. మా అక్క ఈ పద్ధతిని అత్తగారింటికి చీరెసారెతో పాటు పట్టుకుపోయింది. బావ డ్యూటీకి పోతున్నా అడిగేది కాదు. చెప్పే అలవాటు బావకూ పోయింది. "పోయొస్త" అనేవాడు, అంతే. గుట్టలెక్కేవాళ్లు మొట్టమొదట నేర్చుకోవాల్సిన సంగతి ఎక్కడికి పోతున్నామో, ఏ దారిన పోతున్నామో ఇంట్లో చెప్పి పోవడమని నేను పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పేదాన్ని. బావకున్న అన్ని నియమాల్లో అదొక్కటి లేదు.

ఒక ఏడాది మాఘమాసం అది, ఎండలు ఇంకా ముదరలేదు. మధ్యాహ్నం నేను జనగామలో మా ఇంట్లో అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే అక్క ఫోన్ చేసింది. "చెల్లె, మీ బావ తెల్లారంగ పోయిండు. ఇంక రాలే. ఫోన్ కలుస్తలేదు" అంది. ఎక్కడికి పోయాడని అడిగాను. "ఏమో, నేనెట్ల అడుగుత?" అంది. కోపం వచ్చింది కానీ, ఆ తర్వాతి మాటకు కోపం చల్లారిపోయింది. "నాలిక కింద పెట్టుకునే గోలీలు ఫ్రిజ్ మీదనే మర్చిపోయిండే." ఆ గోలీలు ఛాతీలో నొప్పి వస్తే వెంటనే పెట్టుకోవాల్సినవి. మూడు జిల్లాల్లో ఆయన ఎక్కే గుట్టలున్నాయి. ఎటు పోయి వెతకాలి? కోటగుట్టయితే దగ్గరే, ఎప్పుడో తిరిగొచ్చేవాడు. జలపాతంలో ఆ నెలకు నీళ్లుండవు, ఎండిన బండలు చూడటానికి ఆయన పోడు. అయినా గట్టిగా చెప్పలేం. ఏ చొక్కా వేసుకున్నాడని అడిగాను. నిండు చేతులదని చెప్పి, ఏదో గుర్తొచ్చినట్టు, "పౌడర్ గూడ కొట్టుకోలే చెల్లె" అంది. బావ గురించి తెలిసినవాళ్లకు ఆ మాట చాలు. మెడ నిండా పౌడర్ కొట్టుకోకుండా ఆయన ఇంటి ముందు చెత్త పారేయడానికి కూడా పోడు. పౌడర్ మానుకున్నాడంటే తేనెటీగలున్న చోటికి పోయాడన్నమాట. "పాండవుల గుట్టలక్కా. మేం పోతున్నం, నువ్వు పరేషాన్ గాకు" అన్నాను. ఆ మాట ఎంత ధైర్యంగా అన్నానో అంత భయంగానూ ఉంది.

మా ఆయన కారు తీశాడు. మార్కెటు ముందు పత్తి బండ్లు రోడ్డుకు అడ్డంగా బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్య నుంచి బయటపడేసరికి నా గోళ్లన్నీ కొరుక్కున్నాను. వరంగల్లులో ఆగి, అక్క చెప్పిన పేరుతో ఆ గోలీలు మందుల దుకాణంలో కొన్నాం. ఆ తర్వాత అక్క కాసేపటికోసారి ఫోన్ చేసి, ఏమీ అడగకుండా, ఊపిరి మాత్రం వినిపించి పెట్టేస్తోంది. గుట్టల మొదట్లో నీళ్ల సీసాలు, పల్లీలు అమ్మే ఒకామె చిన్న కొట్టు వేసుకుని ఉంది. నిండు చేతుల చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఇటొచ్చాడా అని అడిగితే వెంటనే చెప్పింది. "వచ్చిండు బిడ్డా. పొద్దుగాల పల్లీలు కొన్నడు. ఒక్కడే పోతున్నడేంది, ఎటుదాకనో అడుగుదామనుకున్న. పోయే మనిషిని అడిగితె బాగుండదని ఊకున్న." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఇల్లొక్కటే అనుకున్నాను, ఆయన పోయే దారి పొడవునా అందరూ అట్లాగే నోరు కట్టుకుని ఉన్నారు.

బొమ్మల రాయి దగ్గర ఆయన లేడు. అక్కడి నుంచి సందుల్లోకి పోయాం. నా సంచిలో ఎప్పుడూ బడినాటి విజిల్ ఉంటుంది. ఊది, ఆగి, చెవులు రిక్కించి, మళ్లీ ఊదుతూ నడిచాం. రాళ్ల మధ్య నా విజిలే నాకు తిరిగొస్తోంది. ఇంకో మలుపు తిరిగాక ఎక్కడో లోపల నుంచి వేళ్లు నోట్లో పెట్టి ఊదిన ఈల వినిపించింది. బస్సు కదలాలంటే కండక్టరు ఊదే ఈల. అక్కడే ఒక రాతికి ఆనుకుని ఏడ్చాను. మా ఆయన నన్ను దాటుకుని ముందుకు పోయాడు.

రెండు బండల నడుమ నీడలో బావ కూర్చుని ఉన్నాడు. జారి చీలమండ బెణికింది, కాలు కుండలా వాచింది. సీసాలో అడుగున కాసిన్ని నీళ్లు దాచుకున్నాడు. నొప్పేమైనా వచ్చిందా అని ఛాతీ చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. వరంగల్లులో కొన్న గోలీలు ఇస్తే జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు. తర్వాత అన్నాడు: "పడ్డంక జేబుల చెయ్యి పెట్టిన మరదలా. గోలీ లేదు. అప్పుడు భయమైంది. సచ్చిపోతనని గాదు. నన్ను ఏడ దేవులాడాల్నో మీ అక్కకు తెల్వది గదా అని. బస్సెక్కిన పతొక్కల్ని ఎక్కడికని అడిగి అడిగి నా గొంతు పోయింది. నన్ను ఒక్కలన్న అడగకపోతిరి." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఛార్జీ ఎంతో చెప్పినట్టు చెప్పాడు. తిరుగుదారిలో వస్తున్న ఇద్దరు యాత్రికులు, మా ఆయన కలిసి ఆయన్ను భుజాల మీద మోసుకుంటూ, ఆపుతూ, దించుతూ పొద్దు గూకేలోపు కిందికి తెచ్చారు. ఆ కష్టంలోనూ ఆ ఇద్దరి బూట్లు చూసి మంచి పట్టున్నవని మెచ్చుకున్నాడు.

వరంగల్లు దవాఖానకు అక్క ఆటో మాట్లాడుకుని వచ్చింది. తిడుతుందనుకున్నాం. ఏడుస్తుందనుకున్నాం. వచ్చి, కట్టు కట్టిన కాలు చూసి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. చాలాసేపు బావ చొక్కా గుండీలు సరిచేస్తూ ఉండిపోయి, చివరికి, "ఇగ నువ్వు గడప దాటితె నేనడుగుత. శకునం చెడితె చెడనియ్యి" అంది. బావ చిన్నపిల్లవాడిలా తలూపాడు. బాపు బతికి ఉంటే కూతురి నోట ఆ మాట విని ఎన్ని చెంబుల నీళ్లు తాగేవాడో.

తర్వాత డాక్టరు అనుమతించాకే బావ మళ్లీ నడవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు పల్లెవెలుగు దారుల్లోనే పోతాడు, తోడు లేనిదే పోడు. అక్క వాకిట్లోకి వచ్చి అడుగుతుంది. ఆయన ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగేదీ, ఏ దారిన పోయి ఏ వేళకు తిరిగొచ్చేదీ స్టేజీలవారీగా అప్పజెప్తాడు. వినేవాళ్లకు నవ్వొస్తుంది. నేను ఎప్పుడైనా నెల్లికుదురు పోయినప్పుడు చూస్తుంటాను, అడిగేటప్పుడు అక్క ఒక చేత్తో తలుపు రెక్క గట్టిగా పట్టుకుని ఉంటుంది.

అక్క కూతురికి నిన్న బొమ్మల రాయి దారే చెప్పాను, నాయినను వెంట తీసుకుపొమ్మనీ చెప్పాను. తర్వాత అక్కకు ఫోన్ చేసి పిల్ల ప్రయాణం సంగతి చెప్పాను. ఆమె వెంటనే, ఆ రోజు తను పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పప్పు సంగతి, మాడిన వాసన, గోడ మీది ఎండ మెల్లగా పైకి పాకడం, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. ఇన్నాళ్లూ ఇవేవీ నాతో అనలేదు. బావ ఆ రాళ్ల మధ్య గడిపిన పూటను చాయ్ హోటళ్లలో, పెళ్లిళ్లలో, బస్టాండ్లలో కథ చేసి చెప్పి చెప్పి ఎన్నడో ముగించేశాడు. ఇంట్లో కూర్చుని ఎదురుచూసిన మా అక్కకు మాత్రం ఆ మధ్యాహ్నం ఇంకా పొద్దు గూకలేదు.