ఎత్తిన చేయి

మా ఊరి వాలీబాల్ జట్టులో ఆడడానికి గిద్దలూరు నుంచి ఒకాయన వచ్చేవాడు. నలభై దాటినా అందరికంటే ఎక్కువ డబ్బు ఆయనకే ఇచ్చేవాళ్లు. ఆ డబ్బు దగ్గర ఊరు రెండుగా చీలింది. నాయన, చిన్నాయన ఒకే బండి మీద వచ్చి, కోర్టుకు చెరో పక్కన కూర్చునేవాళ్లు.

ఆయన అలవాటొకటి నాకిప్పటికీ కళ్లముందే ఉంది. బంతి లేవగానే నాలుగడుగులు పరుగెత్తి, కొట్టబోతున్నట్టు కుడిచేయి బారుగా ఎత్తేవాడు. పొదిలి జట్టుతో ఫైనల్లో ఆ చేయి లేచినప్పుడల్లా అవతల నెట్ దగ్గరున్న ఇద్దరూ దాన్ని అడ్డుకోవడానికే ఎగిరారు. బంతేమో ఇంకో మూలనున్న మావాడికి వెళ్లింది. వాడు ఖాళీ జాగాలో కొట్టి కొట్టి కప్పు తెచ్చాడు.

"ఒక్క బంతీ కొట్టలా. వానికా అంత డబ్బు?" అన్నాడు చిన్నాయన.

"కొట్టకుండానే గెలిపించినాడు గదరా!" అన్నాడు నాయన.

ఆయన బూట్లు విప్పుకుంటుంటే నేనే వెళ్లి అడిగాను.

"ఒక్కటన్నా కొట్టలేదేందన్నా?"

భుజం రుద్దుకుంటూ నవ్వాడు.

"ఈ భుజం పోయి రెండేళ్లయింది తమ్ముడూ. పొదిలోళ్లకు మాత్రం చెప్పబాకు. వచ్చే ఏడు గూడా వాళ్లు ఎగరాల గదా!"