నడిమింటి గాలి

భీమమ్మ ఇల్లు అద్దంలా ఉంటుందని ఊళ్ళో పేరు. వేంపల్లెకు కాస్త దూరంలో రాతిగోడల పాత మిద్దె అది. మామూలు రోజుల్లోనే మూల మూలా ఊడ్చి అలికే మనిషి, ఎవరైనా ఇల్లు చూడ వస్తున్నారంటే ఇక చెప్పనక్కర్లేదు. ఈసారి ఆ శుభ్రమే ఆమెను దెబ్బ కొట్టింది.

భర్త పుల్లయ్య బీడీ ముట్టని మనిషి. అయినా రెండేళ్ళ కిందట ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఎందుకొచ్చిందో డాక్టర్లు చెప్పలేకపోయారు. ఆ తర్వాత కడప నుంచి పరిశోధన చేసేవాళ్ళు వచ్చారు. నేలలోంచి రేడాన్ అనే వాయువు ఇళ్ళలోకి వస్తుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, గాలి ఆడని గదిలో పోగుపడుతుందనీ, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటనీ చెప్పారు. కొలవడానికి ఇంటికో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. ఆశా వర్కర్ నాగజ్యోతి దాన్ని భీమమ్మ నడిమింట్లో, పుల్లయ్య మంచం పక్కన తగిలించింది. మూడు నెలలు ఉంచాలి.

భీమమ్మకు తెలియాల్సింది ఒక్కటే. మనవరాలు శ్రావణి కాన్పుకు వస్తోంది. బాలింతను గాలి తగలకుండా, కిటికీ లేని ఆ నడిమింట్లోనే పడుకోబెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఇప్పుడు పడుకోబెట్టవచ్చా, కూడదా?

గడువు తీరాక నాగజ్యోతి కాగితం తెచ్చింది.

"అవ్వా, నీ ఇంట్లో శానా తక్కువ ఉండాది. భయపడే పనే లేదు."

భీమమ్మ ముఖంలో సంతోషం లేదు. గోడకు గోడ ఆనుకున్న పక్కింట్లో ఎక్కువ వచ్చిందని అప్పటికే విన్నది. అబద్ధమాడి మార్కులు తెచ్చుకున్న పిల్లలా తల వంచుకుంది.

"గవాచి తెరిచి పెట్టినా జ్యోతీ," అంది చివరికి.

గవాచి అంటే మిద్దె కప్పులో వెలుతురుకు వదిలిన కంత. రోజూ ఎట్లా ఉంటారో అట్లాగే ఉండమని నాగజ్యోతి అప్పుడే మరీ మరీ చెప్పింది. కానీ చదువుకున్నవాళ్ళు చూసే గది ఇంకా రోగి వాసన కొడితే పరువేం కావాలి? డబ్బా తగిలించిన రోజే భీమమ్మ గవాచి మీది బండ తీసేసి, తలుపులు బార్లా తెరిచింది.

"అట్లయితే మళ్ళా పెట్టాల్సిందే. తాత ఉన్నప్పుడు గవాచి యెట్లుండె?"

"మూసే ఉండె. ఆయనకు చలిగాలి పడదని నేనే బండ పెడితి. ముప్పై యేండ్లు తియ్యలే."

"దాన్నించే వచ్చిందని ఎవురూ చెప్పలేరవ్వా."

"రాలేదని చెప్తారా?"

నాగజ్యోతి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

శ్రావణికి ఆడపిల్ల పుట్టింది. భీమమ్మ తల్లీబిడ్డలను ముందరి గదిలో, కిటికీ పక్కన పడుకోబెట్టింది. పచ్చి బాలింతకు గాలి తగిలిస్తావా అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు దులిపేశారు. అయినా ఆమె కిటికీ మూయలేదు.

ఆ వారమే నాగజ్యోతి కొత్త డబ్బా తెచ్చి నడిమింట్లో తగిలించింది. బండ మూయడానికి ఎవరినైనా పిలుస్తానంది. భీమమ్మ వద్దని, మోకాళ్ళు పట్టుకుంటూ తనే మిద్దె ఎక్కింది. బండను రెండు చేతులతో నెట్టి కంత మీదికి జరిపింది.

"మూడు నెల్లు మూస్తే సాలునా?" అని అడిగింది పైనుంచి.

"సాలవ్వా, మూసినప్పుడు ఎంత ఉండెనో తెలిసిపోతాది."

భీమమ్మ ఆ బండ మీదే కూలబడి, భర్త పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.