దండ పడని ఫోటో

పాత కుటుంబ హోటళ్ళ చరిత్ర రాసుకుంటూ కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్ళినప్పుడు, ఫిల్మ్ నగర్‌లో ఓ చిన్న టిఫిన్ హోటల్‌కి వెళ్ళాను. నాకు కావలసింది దాన్ని పెట్టినాయన ఫోటో. అది గల్లాపెట్టె వెనక గోడకే ఉంది. పోయినవాళ్ళు ఫోటోల్లో బిగుసుకుని ఉంటారు కదా, ఈయన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. పైగా దండ లేదు. బంతిపూల దండ మాత్రం వీధి గుమ్మానికి తాజాగా వేలాడుతోంది.

"ఇదేంటమ్మా?" అన్నాను, ఇప్పుడు హోటల్ నడుపుతున్న ఆయన కూతురు యాదమ్మగారితో.

"సినిమాల సచ్చిపోయిన తాత ఫోటో కావాల్నని, షూటింగోళ్ళు మా నాయనకు దండేసి ఫోటో తీసిండ్రు బిడ్డా. బతికున్న మనిషికి గట్ల చేస్తే మంచిది కాదంట. అందుకే వెంటనే దండ తీసేసి, నవ్వమని ఇంకోటి తీసిండ్రు. వాళ్ళ రివాజు అది. గా రెండోదే ఇది."

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికారట.

"మరి పోయాక?"

"దండేసింది షూటింగోళ్ళే తీస్కపోయిండ్రు, ఇంట్ల వేరే ఫోటో లేదు. దండ తెచ్చి స్టూలెక్కిన. గంతగనం నవ్వుతుంటే చేతులు రాలె. దిగి గుమ్మానికి కట్టిన. ఇగ ఏటా గట్లనే. నిన్న గూడ."

ఆవిణ్ణి ఆ ఫోటో పక్కన నిలబెట్టి సెల్‌ఫోన్ తీశాను. బిగుసుకుపోయారు. ఒకటి తీసి, "ఇంకోటమ్మా, ఈసారి నవ్వండి" అన్నాను.

అవే పళ్ళు.