పక్కింటి ఆయుధాలకు విలువ కట్టిన ఆదివారం

మా పాప మొదట చెప్పింది తుపాకీ గురించి కాదు, కత్తి గురించి. అప్పటికి దానికి రెండున్నరేళ్ళు. సాయంత్రం పక్కింటి నుంచి తీసుకొచ్చి బూట్లు విప్పుతుంటే, రెండు చేతులూ బారజాపి, "బిగ్ నైఫ్, అమ్మా. గ్రాండ్‌పా నైఫ్" అంది. వంటింటి చాకు చూసి ఉంటుందనుకున్నాను. అది తల అడ్డంగా ఊపి చేతులు ఇంకా చాపింది. దాని చేతులు చాలలేదు.

పిస్కాటవే అనే ఊళ్ళో మేముండేది ఒకే కప్పు కింద రెండు వాటాల ఇల్లు. మధ్యలో ఒక్కటే గోడ. అవతలి వాటాలో ఒక ముసలి దంపతులుండేవారు. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పోరాడి వచ్చిన మనిషి. ఆయన బతికున్నన్నాళ్ళూ గోడకు తగిలి ప్లేట్లు పగలడం వినేవాళ్ళం. ప్లేట్ల తర్వాత ఏదో మెత్తనిది వచ్చి గోడకు తగిలేది. ఆ పైన ఇక ఏ చప్పుడూ ఉండేది కాదు. ఒకసారి మావారు పోలీసులకు ఫోన్ చేశారు. వాళ్ళు వచ్చి అడిగితే ఆవిడ గుమ్మంలో నిలబడి, కన్ను వాచిపోయి ఉండగానే, మెట్ల మీద జారిపడ్డానని చెప్పింది. ఆ ఇంట్లో మెట్లు లేవు.

ఆయన గుండె ఆగి చనిపోయాక ఆవిడ మరో మనిషైపోయింది. మొక్కలు పెంచింది, రేడియో కొనుక్కుంది. నాకు మందుల కంపెనీ లాబ్‌లో ఉద్యోగం దొరికినప్పుడు పాపను తనే చూసుకుంటానంది. పాప ఆవిణ్ణి గ్రాండ్‌మా అనేది. నాకు మాత్రం పొద్దున పాపను దింపి కారెక్కగానే ఏవేవో భయాలు మొదలయ్యేవి. పాలు గొంతుకు అడ్డం పడతాయేమో, వీధిలోకి పరిగెత్తుతుందేమో అని. తుపాకీ అన్న ఊహ మాత్రం ఎన్నడూ రాలేదు.

మర్నాడు అడిగితే ఆవిడ దాచలేదు. తగిలించిన కోట్ల వెనక రైఫిల్, మంచం వెనక గోడకు ఆనించి జపాన్ ఆఫీసరు కత్తి, వంటింటి డ్రాయర్‌లో తోలు ఒరలో ఒక మొరటు బాకు. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాను. దుప్పట్లు పెట్టుకునే క్లోజెట్‌లో కింది అరలో పిస్టల్ ఉందని చెప్పింది. మధ్యాహ్నం నిద్రకు ముందు మా పాప తన దుప్పటి తనే తెచ్చుకునేది ఆ అరలోంచే. నేను కింద కూర్చున్నాను.

ముట్టుకోవడానికి భయం వేసి అలాగే వదిలేశానంది ఆవిడ. పారేద్దామంటే కొడుకు ఊరుకోడు. వాడికి నలభై దాటాయి, తండ్రి లాగే తాగుతాడు, పెళ్ళాన్ని కొట్టి రెండుసార్లు జైలుకి వెళ్ళొచ్చాడు. నాన్న వస్తువులకు వస్తానని నెల రోజులుగా ఫోన్లు చేస్తున్నాడు. "అవి వాడి చేతికి వెళ్తే ముందు వాడి పెళ్ళాం పోతుంది హనీ, ఆ తర్వాత నేను" అంది. వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

ఆ రోజే అవన్నీ ఎవరికైనా ఇచ్చేయమని నేను పట్టుబట్టాను. మావారు ఒప్పుకోలేదు. ఆయన తండ్రి వాళ్ళ ఊళ్ళో అన్నదమ్ముల పంపకాలకు పెద్దమనిషిగా కూర్చునేవారు. ఇత్తడి బిందె దగ్గర్నుంచి దూడ దాకా నలుగురి ఎదుట పెట్టి విలువ కట్టి పంచేవారట. ఒక ఇంట్లో తగువు పడితే పక్కింటివాళ్ళు పూనుకుని తీర్చాలన్నది మావారికి ఉగ్గుపాలతో వచ్చిన నమ్మకం.

"తండ్రి వస్తువులు కొడుక్కి తెలియకుండా అమ్మించి, రేపు వాడొచ్చి అడిగితే ఏం చెప్తాం? ఇండియన్లు ముసలావిణ్ణి మోసం చేసి పట్టుకెళ్ళారంటాడు" అన్నారు.

"అననీయండి. పాప ఉందక్కడ."

"అందుకే మనింటికి తెప్పిస్తాను. తెలిసిన మనిషిని పిలిచి ఫెయిర్‌గా వేల్యూ చేయిద్దాం. వాణ్ణీ పిలుద్దాం. నలుగురి ముందు తేలిపోతే ఎవడూ నోరెత్తలేడు. ఎంత చెడ్డా కొడుకే కదా."

"నలుగురెవరండీ? మనమిద్దరమేగా ఉన్నది?"

ఆయన నవ్వేసి కొడుకుకి ఫోన్ చేశారు. ఆదివారం రెండు గంటలకు రమ్మని, భోజనం చేసి వెళ్ళమని చెప్పారు.  వాడు సరే అన్నాడట. ఆదివారం దాకా నేను సెలవు పెట్టి పాపను ఇంట్లోనే ఉంచుకున్నాను.

ఆదివారం మా అమ్మ పంపిన నేత దుప్పటి హాల్లో కార్పెట్ మీద పరిచాం. మావారూ ఆవిడా నాలుగు ఆయుధాలనూ తెచ్చి దాని మీద పెట్టారు. పాపను పడగ్గదిలో బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, గుమ్మానికి అడ్డంగా నేను కుర్చీ వేసుకున్నాను.

విలువ కట్టడానికి వచ్చినాయన పాత ఆయుధాల దుకాణం నడిపే మనిషి. లావుగా, కబుర్లపోగులా ఉన్నాడు. నేనిచ్చిన జంతికలు నములుతూనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందు విలువ సంగతి ఎత్తలేదు. పిస్టల్ తీసి గొట్టాన్ని బయటి గోడ వైపు తిప్పి, తూటాలు పెట్టే మేగజీన్ ఊడదీశాడు. అది ఖాళీ. తర్వాత పైభాగం వెనక్కి లాగాడు. గొట్టంలోంచి ఒక తూటా ఎగిరి దుప్పటి మీద పడి, నా కాళ్ళ దాకా దొర్లింది.

 ఆయన లేచి వచ్చి తూటా తీసి చొక్కా జేబులో వేసుకుని, మిగతావి కూడా చూసి అన్నీ ఖాళీ అని చెప్పాడు. నేను లోపలికి వెళ్ళి పాపను ఎత్తుకున్నాను. ఆ రెండు చేతులూ, పదివేళ్ళూ చూశాను. అది విదిలించుకుని మళ్ళీ బొమ్మల దగ్గరకు పోయింది.

కొడుకు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చాడు. తలుపు తీయగానే తాగిన వాసన. మావారు చేయి చాపితే అందుకోలేదు. "నీకు తలపాగా లేదేం? ఇంట్లో మరిచిపోయావా?" అన్నాడు. మావారు దానికీ నవ్వి, కుర్చీ చూపించారు. కాఫీ ఇస్తే వాడు కప్పు నేల మీద పెట్టి దాన్ని బూటుతో పక్కకి నెట్టాడు.

దుకాణం ఆయన మొదట కత్తి పిడికి ఉన్న చెక్కమేకు తట్టి, పిడి ఊడదీసి, లోపలి ఇనుము చూపించాడు. పాత కత్తి అయితే అక్కడ చేసినవాడి సంతకం, దాని చుట్టూ నల్లబడిన తుప్పు ఉంటాయట. ఆ తుప్పును బట్టే వయసు చెప్తారు గనక దాన్ని ఎప్పుడూ రుద్దకూడదట. దీని మీద ఉన్నది యుద్ధకాలపు ఫ్యాక్టరీ ముద్ర. మంచిదే, కానీ అపురూపమైంది కాదు. పిస్టల్ మీద అన్ని భాగాలకూ ఒకే నంబరు ఉంది. అన్నిటిలోకీ విలువైంది అదేనన్నాడు.

రైఫిల్ దగ్గర ఆగాడు. "ఇది ఎలా వచ్చిందో నాన్నగారు ఎప్పుడైనా చెప్పారా?" అని అడిగాడు.

"రాత్రి తనున్న గోతిలోకి దూకి మీద పడ్డవాణ్ణి చంపి తీసుకున్నాడు" అన్నాడు కొడుకు. "నాకు అయిదేళ్ళప్పట్నుంచీ వింటున్నాను. వాడి గొంతు ఎలా తెగిందో కూడా చెప్పేవాడు. నా గొంతు పట్టుకుని చూపించేవాడు."

దుకాణం ఆయన చూపుడువేలితో గొట్టం పైభాగాన్ని తడిమాడు. అక్కడ జపాన్ చక్రవర్తి గుర్తుగా చామంతి పువ్వు చెక్కి ఉంటుందట. దీని మీద ఆ పువ్వును ఆకురాయితో అరగదీశారు. సాధారణంగా లొంగిపోయాక అప్పగించిన రైఫిళ్ళ మీద అలా అరగదీస్తారు. యుద్ధంలో పట్టుకున్నవాటికి పువ్వు చెక్కుచెదరకుండా ఉంటుంది, వెల ఎక్కువ. "మీ నాన్నగారు పోరాడలేదని కాదు. తెచ్చుకున్నవి పోగొట్టుకుని తర్వాత వేరేవి కొనుక్కున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ రైఫిల్ మాత్రం యుద్ధం అయిపోయాక వచ్చిందనిపిస్తుంది."

కొడుకు మొహం తెల్లబడింది. "మా నాన్న అబద్ధాలకోరంటావు" అన్నాడు.

తల్లి అప్పుడు నోరు తెరిచింది. "ఆ కథ నిజమని నమ్మి నువ్వూ నేనూ ముప్పై ఏళ్ళు తన్నులు తిన్నాం" అంది.

వాడు వంగి పిస్టల్ అందుకున్నాడు. పైభాగం లాగలేదు, మేగజీన్ చూడలేదు. తండ్రి దాన్ని ఎప్పుడూ గొట్టంలో ఒక తూటాతోనే ఉంచేవాడని వాడికి తెలుసు. నేరుగా దుకాణం ఆయన మొహానికి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమని ఒక చిన్న శబ్దం వచ్చింది. మళ్ళీ నొక్కాడు. ఈసారి ఆ శబ్దం కూడా లేదు. తర్వాత పిస్టల్‌తోనే ఆయన నోటి మీద కొట్టాడు. పళ్ళు విరిగిన చప్పుడు నాకు కుర్చీలోకి వినపడింది.

మావారు మధ్యలోకి వెళ్ళారు. వాడు పిడి లేని కత్తినే, ఆ ఇనుము పట్టుకుని తిప్పాడు. మావారు దాన్ని చేత్తో ఆపారు. విసిరిన కర్రను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. రక్తం వెంటనే రాలేదు. ముందు అరచేయి తెరుచుకుంది, ఆ తర్వాత మోచేతి దాకా కారింది. వాడు రెండోసారి ఎత్తాడు. నేను పాప గది తలుపు వెనక్కి లాగి, నా వీపు దానికి ఆనించి నిలబడ్డాను. 

ఆ బాకు గురించి మేమెవరమూ పట్టించుకోలేదు. దుకాణం ఆయన దానిదాకా ఇంకా రానేలేదు. ఆవిడ అది తీసుకుని కొడుకు వెనకనుంచి వెళ్ళి, ఎత్తిన చేతి భుజంలో దించింది. బయటికి లాగి మళ్ళీ దించింది. వాడు మోకాళ్ళ మీద పడి, చిన్నపిల్లాడిలా "మామ్" అన్నాడు. ఆవిడ బాకు వదలకుండా వాడి పక్కనే కూర్చుని, రెండో చేత్తో దుప్పటి కొస తీసి గాయం మీద అదిమిపట్టింది. నేను పోలీసులకు ఫోన్ చేశాను. నా వెనక తలుపు మీద పాప దరువు వేస్తోంది, పాట అనుకుని.

వాడు బతికాడు, జైలుకి వెళ్ళాడు. ఆవిడ మీద కేసు పెట్టలేదు. మావారి అరచేతికి కుట్లు పడ్డాయి. రెండు వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. అన్నం కలుపుకునేటప్పుడు నేను తల తిప్పుకుంటాను. నలుగురిలో పెట్టడం తప్పు కాదని ఆయన ఈనాటికీ అంటారు. వాణ్ణి తాగి ఉన్నప్పుడు లోపలికి రానివ్వడమే తప్పట.

వాటాల మధ్య ఆ తర్వాత కొన్నాళ్ళు రాకపోకలు లేవు. పాపను డేకేర్‌లో వేశాను. ఆ ఆయుధాలు మళ్ళీ తన ఇంటికే వస్తాయనీ, అవి ఉన్నంతకాలం పాపను తేవద్దనీ ఆవిడే చెప్పింది. కేసు ముగిశాక పోలీసులు నాలుగూ తెచ్చి ఇచ్చారు. వారం తిరక్కుండా దుకాణం ఆయన కొత్త పళ్ళతో వచ్చాడు. నాలుగింటికీ మార్కెట్‌లో ఉన్న విలువే ఇస్తానన్నాడు, ఒక్క డాలరు కూడా తగ్గించనన్నాడు. కొన్నవాళ్ళలో ఎవరూ వీటిలో తూటా పెట్టరని మాట ఇవ్వగలవా అని ఆవిడ అడిగింది. ఆయన నిజాయితీపరుడు. ఇవ్వలేనన్నాడు.

పాత ఇనుము యార్డుకి ఆవిణ్ణి నేనే తీసుకెళ్ళాను. అక్కడి యంత్రం రైఫిల్‌ను మూడు ముక్కలు చేసింది. పిస్టల్ ఒక్క దెబ్బకే నలిగిపోయింది. కత్తి తెగకుండా ముందు వంగి, తర్వాత విరిగింది. బాకును పనివాడు ఆ చిన్నదాన్ని ఎందుకులే అన్నట్టు కుప్పలోకి విసరబోతే, ఆవిడ చేయి అడ్డం పెట్టి, అది కూడా యంత్రం కింద పెట్టమంది. అది రెండుగా తెగేదాకా చూసింది.

తిరిగి వస్తుంటే, రేపట్నుంచి పాపను తీసుకొస్తావా అని అడిగింది. వెంటనే ఔననలేకపోయాను. ముందు ఇల్లంతా చూస్తానన్నాను. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఇల్లు చేరగానే ఆవిడ తాళాలగుత్తి నా చేతిలో పెట్టి, వెళ్ళి వంటింట్లో నావైపు వీపు పెట్టి కూర్చుంది.

క్లోజెట్లన్నీ తీశాను. దుప్పట్లు ఒక్కొక్కటీ దులిపాను. పరుపు ఎత్తాను, డ్రాయర్లు బయటికి లాగి వెనక చేయి పెట్టి తడిమాను, పిండి డబ్బాలు కూడా మూతలు తీసి చూశాను. ఎంతసేపు పట్టిందో తెలీదు. అయిపోయిందనుకుని వంటింట్లోకి వచ్చాను.

"అటక చూశావా?" అంది ఆవిడ, తల తిప్పకుండానే. "నిచ్చెన గరాజ్‌లో ఉంది."

నిచ్చెన తెచ్చుకుని ఎక్కాను.