అరవై రెండో మేకు

మొన్న మొన్నటిదాకా మా కాలనీలో ఎవరైనా మాట ఇచ్చి తప్పితే "గిది మంజుల జాకెట్టు లెక్కనే ఉన్నది" అనేవాళ్ళు. ఆ మంజులను నేనే. మంచిర్యాల దాటాక వచ్చే బొగ్గుబాయిల కాలనీలో, కూరగాయల అంగడి వెనక నా టైలరింగ్ షాపు. పని రాదని నన్ను ఇంతవరకు ఒక్కరూ అనలేదు. నేను చెయ్యి పెడితే జాకెట్టు ఒంటికి అతికినట్టు కూర్చుంటుంది. చెయ్యి పెట్టడమే కష్టం.

మా టైలర్లకు ఒక దొంగ విద్య ఉంది. చెప్తే నా తోటివాళ్ళు తిడతారు, అయినా చెప్తాను. గుడ్డ చేతికి రాగానే కత్తిరించేస్తాం. కత్తెర పడ్డ గుడ్డను ఇంకో టైలర్ ముట్టుకోడు, కాబట్టి గిరాకీ ఎటూ పోదు. "ఎందాక వచ్చింది మంజులా?" అంటే "కటింగ్ అయిపోయింది అక్కా, రేపు రా" అంటాం. అబద్ధం కాదు కదా! అట్లా నా షాపులో ముక్కలైన గుడ్డలు సంచుల్లో మూలుగుతుంటే, నేను ఫోన్‌లో కొత్త కొత్త మెడ డిజైన్లు చూస్తూ కూర్చునేదాన్ని. పని నేర్చుకుంటున్నానని నాకు నేనే చెప్పుకునేదాన్ని. నా మొహం!

నాతో ఈ బుద్ధి మాన్పించింది పోశం కాక. ఆ మనిషి గురించి చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

పోశం కాక ముప్ఫై ఒక్క ఏళ్ళు బాయి మీద ల్యాంప్ రూంలో పని చేశాడు. బొగ్గు తీయడానికి దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే దీపం ఇచ్చేది అక్కడే. గోడ పొడుగునా గూళ్ళు, గూటికో నంబరు, నంబరుకో మనిషి. దిగేటప్పుడు దీపం తీసుకుపోతే గూడు ఖాళీ అవుతుంది. పైకొచ్చి దీపం పెడితే మళ్ళీ నిండుతుంది. షిఫ్టు అయిపోయినా ఒక గూడు ఖాళీగా ఉందంటే, ఒక మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. ఆ అలవాటు కాకను రిటైరైనా వదల్లేదు. పెళ్ళికి పోయినా బయట విడిచిన చెప్పులు చూసి, "ఇంక ఇద్దరు తినాలె" అంటాడు.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు మొదటి షిఫ్టు అయిపోయింది కానీ రెండు వందల పద్నాలుగో గూడు నిండలేదు. "దీపంతోనే ఇంటికి పోయుంటడు, రేపు తెస్తడు తియ్" అన్నారట అందరూ. పోశం కాక వినలేదు. తాళం వెయ్యనని భీష్మించుకుని, మనుషులను మళ్ళీ కిందికి పంపేదాకా పెద్దసార్లతో కొట్లాడాడట. వెతికితే ఒక పాత దారిలో జ్వరంతో సొమ్మసిల్లి పడి ఉన్న మనిషి దొరికాడు. ఆ రెండు వందల పద్నాలుగు మా బాపు. ఇప్పటికీ పొద్దున్నే చాయ్‌లో చక్కెర తక్కువైందని నన్ను కన్న అవ్వతో పంచాయితీ పెట్టుకునే మా బాపు. అందుకే పోశం కాక మా ఇంటికొస్తే కుర్చీ తుడిచి మరీ వేస్తాం.

ఇక నా తప్పు సంగతి. రెండు బతుకమ్మల కిందట కాక భార్య సరోజన చిన్నమ్మ నెమలికంఠం రంగు జాకెట్టు గుడ్డ తెచ్చి ఇచ్చింది. ఆఖరి రోజు ఆడే సద్దుల బతుకమ్మ నాటికి కావాలంది. ఆ రోజే కత్తిరించాను. సద్దులు వచ్చాయి, పోయాయి. చిన్నమ్మ పాత జాకెట్టుతోనే ఆడింది. "దీపావళికి ఇయ్యి బిడ్డా" అని నవ్వింది. దీపావళి కూడా పోయింది. చలికాలంలో ఆమెకు కడుపులో గడ్డ ఉందని తేలింది. కరీంనగర్‌లో ఆపరేషన్, ఆ తర్వాత కీమోలు. జాకెట్టు ఊసు ఆమె ఎత్తలేదు, నేను ఎత్తలేదు.

పోయిన ఏడు వినాయక నిమజ్జనం అయిన తెల్లారి కాక షాపుకొచ్చాడు.

"బిడ్డా, మీ చిన్నమ్మ రైక ఉన్నదా? గీ సద్దులకు ఏస్కుంటదట."

సంచుల కుప్ప మీద పడి వెతికాను. ఒక దాంట్లో ఒకరి చేతులు, ఇంకో దాంట్లో ఇంకొకరి వీపు. గంటసేపు కాక స్టూల్ మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. చివరికి అన్నిటికంటే అడుగున దొరికింది.

"కటింగ్ అయిపోయింది కాకా," అన్నాను.

"ఎప్పుడైంది?"

"పోయిన బతుకమ్మకు."

తిడితే బాగుండేది. ఆయన మిగతా సంచులన్నీ వేలు చూపిస్తూ ఎంచాడు. చిన్నమ్మదితో కలిపి అరవై రెండు. సద్దులకు ఇంకా ఇరవై రోజులుంది.

ఆ సాయంత్రమే ముక్కలు పట్టుకుని వాళ్ళ క్వార్టర్‌కు పరుగెత్తాను. చిన్నమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. ఎంత చిక్కిపోయిందో! నాకు ఏడుపు ఆగలేదు.

"తప్పయింది చిన్నమ్మా. రేపు పొద్దటికి కుట్టి తెస్త, ఒట్టు."

ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "వద్దు. నాది ముందల కుట్టినవనుకో, తప్పు తీరిపాయెనని మళ్ల కాళ్ళు జాపుకుంటవ్. నీ గుణం నాకెర్క. అందరియి అయినంకనే నాది కుట్టు. ఆఖర్ల పెట్టు."

"అందకపోతే?"

"అందకపోతే లేదు. పాతది ఉండనే ఉండె. కానీ ఈ సద్దులకు కొత్తది ఏస్కోవాలని మస్తుగున్నది మంజులా. వచ్చే ఏటి సంగతి డాక్టర్లకే తెల్వదు, నాకేం తెలుస్తది?"

గుమ్మంలో నిలబడ్డ పోశం కాక తల తిప్పుకున్నాడు. అరవై ఒక్క జాకెట్లు దాటితే తప్ప ఆమెది రాదు. నేనే మెలిక వేసి పెట్టిన ముడి, నేనే విప్పాలి.

మర్నాడు కాక పొడుగాటి చెక్క ఒకటి భుజం మీద మోసుకొచ్చి, నా గోడకు బిగించి, మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. అరవై రెండు మేకులు. ఎవరు ముందు ఇచ్చారో ఆ వరుసలో సంచులు తగిలించాడు. చిన్నమ్మది ఒక్కటే వరుస తప్పి చివరి మేకుకు పోయింది. నూనె డబ్బా రేకును కత్తిరించి ఒక బిళ్ళ చేశాడు. ఒక్కటే.

"గీ సంచి మిషన్ మీదికి దిగిందనుకో, ఖాళీ మేకుకు బిళ్ళ తగిలియ్యి. లోపల మనిషి ఉన్నట్టు. జాకెట్టు కుట్టి, కాజాలు తీసి, హుక్కులేసి మళ్ల గా మేకుకే తగిలించాలె. అప్పుడు బిళ్ళ తియ్యి. అప్పటిదాంక ఇంకోటి దింపద్దు."

"పెద్ద పెద్ద దుకాణాలోళ్ళు ఒక్కపారే పది కుడుతరు కాకా."

"నువ్వు పది కత్తిరిస్తవ్. కుట్టేటిదెంత?"

నా ఫోనుకు కూడా తలుపు బయట వేరే మేకు కొట్టాడు మహానుభావుడు.

మొదటి రోజు నాలుగు కుట్టాను. నా జన్మలో మొదటిసారి. రెండో రోజు మూడు. ఒక్కో జాకెట్టు మేకుకు ఎక్కినప్పుడు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. ఇన్నాళ్ళూ పని బరువుకు కాదు, తలచుకోవడానికే అలిసిపోయాను. సగం సగం చేసిన పదింటిని మోసేదానికంటే ఒక్కటి పూర్తి చేయడం తేలికని నాకు నలభై ఏళ్ళు దగ్గరపడ్డాక తెలిసింది.

అట్లాగని మారిపోయాననుకోకండి. ఐదో రోజు కాక రాకముందే రెండు సంచులు దింపి రెండూ మొదలుపెట్టాను. ఒకదానికి లైనింగ్ విసుగొచ్చి రెండోదానికి పోయాను. ఆయన వస్తూనే చెక్క వైపు చూశాడు. రెండు మేకులు ఖాళీ, బిళ్ళ ఒక్కటే. ఆయనకు కోపం రావడం నేను చూసింది అప్పుడే.

"దీపం ఇయ్యకుంటనే మనిషిని దింపుతారే? గా రెండోది ఎటు పోయిందో ఎవలకెర్క?"

రెండోదాన్ని మళ్ళీ సంచిలో పెట్టించి, మొదటిది అయ్యేదాకా ఎదురుగా కూర్చున్నాడు. పదకొండో రోజు సూపర్‌వైజర్ గారి కోడలు నవనీత వచ్చి "నాది జర ముందు కుట్టవా, మేం హైదరాబాద్ పోవాలె" అని బతిమాలితే, నేను మెత్తబడేలోపే "నలభై మూడో నంబరమ్మా, ఎల్లుండి రా" అన్నాడు. ఆమె మూతి ముడుచుకుని పోయింది. ఎల్లుండి వస్తే జాకెట్టు మేకుకు సిద్ధంగా ఉంది. అదెంత వింతగా తోచిందో, కాలనీ అంతా చెప్పుకొచ్చింది.

పదహారో రోజు నేను కూలిపోయాను. ముందు రోజంతా కరెంటు రాలేదు. నడుము పట్టేసింది. ఇంకా పద్నాలుగు సంచులు వేలాడుతున్నాయి. నా పాత మందు ఒకటుంది, పని మీద పడ్డప్పుడు షట్టర్ దించేసి అవ్వ వాళ్ళింటికి పోవడం. మిట్టమధ్యాహ్నం షట్టర్ లోపలి నుంచి దించి, నేల మీద పడుకుని, సాయంత్రం బస్సుకు పోదామనుకున్నాను. అందరివీ పోతే పోనీ, చిన్నమ్మకు ఏదో ఒకటి సర్దిచెప్పొచ్చులే అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చస్తాను.

బయట స్టూల్ లాగిన చప్పుడైంది. పోశం కాక తట్టలేదు, పిలవలేదు. కూర్చున్నాడంతే. చాలాసేపటికి నేనే ఉండబట్టలేక, "పో కాకా, నాతోని కాదు," అని అరిచాను.

"నేనేడికి పోతనే? లోపల మనిషి ఉండె గద."

మళ్ళీ తనే అన్నాడు. "మీ బాపు రాని నాడు గూడ అందరు గిట్లనే అన్నరు, రేపు చూద్దాం పోశం అని. రేపటిదాంక ఉంటుండెనా మీ బాపు?"

ఇంకేం పడుకుంటాను! లేచి షట్టర్ ఎత్తాను. ఆయన నా మొహం కూడా చూడలేదు. తెచ్చిన చాయ్ గ్లాసు చేతిలో పెట్టి, నలభై తొమ్మిదో సంచి దింపి, బిళ్ళ తగిలించాడు. ఆ తర్వాత నడుము నొప్పి ఎప్పుడు తగ్గిందో నాకు గుర్తులేదు.

సద్దుల నాడు పొద్దున పదకొండింటికి అరవై ఒకటోది మేకెక్కింది. చిన్నమ్మ సంచి దింపి బిళ్ళ తగిలించాను. రెండు గంటలకల్లా కుట్టేశాను. నెమలికంఠం రంగు, అంచుకు సన్నని బంగారు పట్టీ. అంత శ్రద్ధగా నా పెళ్ళి జాకెట్టు కూడా కుట్టుకోలేదు. పట్టుకుని పరుగెత్తాను.

చిన్నమ్మ వేసుకుంది. భుజాలు జారుతున్నాయి. చంకల కింద రెండేసి అంగుళాలు వదులు. ముక్కలు ఏడాది కిందటి కొలతవి. మనిషి చిక్కింది కదా, కొత్త కొలత తీసుకోవాలని మొదటి రోజు నుంచీ తెలుసు. "రేపు తీసుకుంటా, ఆఖర్లో కదా ఆమెది" అనుకుంటూ ఇరవై రోజులూ గడిపాను. కుక్క తోక వంకరని ఊరికే అనలేదు పెద్దలు!

"పది నిమిషాలు చిన్నమ్మా, పక్కల కుట్టు లోపలికి తీస్త," అని జాకెట్టు పట్టుకున్నాను.

ఆమె నా చెయ్యి తీసేసింది. "కుట్టకు. పిన్నీసు పెట్టు. మళ్ల నిండుత గద."

పోశం కాక కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నా పుస్తెలతాడుకున్న పిన్నీసులు రెండు తీసి, ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి పెట్టాను. పైన కొంగు కప్పితే ఎవరికీ కనబడలేదు. సాయంత్రం గ్రౌండులో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆడలేదు కానీ కూర్చున్నచోటే చప్పట్లు కొట్టింది. చుట్టూ తిరిగే ఆడవాళ్ళలో ఎంతమంది ఒంటి మీద నా జాకెట్లున్నాయో చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. ఒక్కరు కూడా పాత జాకెట్టుతో రాలేదు.

చెక్క ఇంకా గోడకే ఉంది. బిళ్ళ ఒక్కటే. ఇప్పుడు చేతిలోని జాకెట్టు మేకెక్కితే తప్ప ఇంకో గుడ్డకు కత్తెర పెట్టను, తేదీ చెప్తే తప్పను. ఎప్పుడో ఒకసారి మనసు షట్టర్ వైపు పోతుంది, అబద్ధమెందుకు. అప్పుడు బయట స్టూల్ వైపు చూస్తాను. బాపును పైకి తెచ్చిన మనిషే నన్నూ తెచ్చాడు. ఆయన రుణం ఈ జన్మలో తీరదు, తీరాలని కూడా నాకు లేదు.

మొన్న ఉగాదికి ముందు ఒక పొద్దున సరోజన చిన్నమ్మ తనే నడుచుకుంటూ షాపుకొచ్చింది. వెనకే కాక. తలకు జుట్టు పొట్టిగా మొలిచింది. ఒంటి మీద నెమలికంఠం జాకెట్టు. పిడికిలి విప్పి రెండు పిన్నీసులు మిషన్ మీద పెట్టింది.

"నీయి నువ్వు తీస్కో. చంకల కాడ పడతలేదు బిడ్డా, జర వదులు చెయ్యాలె. ఎప్పుడు రమ్మంటవ్?"

"ఎటూ పోకు చిన్నమ్మా," అన్నాను. "రైక ఇప్పి, గా తువ్వాల కప్పుకొని గీన్నే కూసో."

అరవై రెండో మేకుకు బిళ్ళ తగిలించి, కుట్టు విప్పడం మొదలుపెట్టాను.