వకీలమ్మ చాయ్ బండి

నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటోలు ఆగే మలుపు దగ్గర, ఒక అద్దాల టవర్‌కు ఎదురుగా, భూలక్ష్మి చాయ్ బండి ఉంటుంది. పొద్దున పూట బండి దగ్గర ఆమె కూతురు వర్షిత నిలబడుతుంది. డిగ్రీ రెండో ఏడు. కాలేజీకి వెళ్లేలోగా పాలు కాచి, అల్లం దంచి, చాయ్ పోస్తుంది. మధ్యలో చదువుకుంటుంది.

ఆమె లాయరు కావాలనుకోవడానికి కారణం ఈ బండే. ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి మున్సిపాలిటీ లారీ వచ్చి రోడ్డు మీద బండ్లన్నీ ఎత్తుకుపోతోంది. భూలక్ష్మి లారీ వెనక నడుస్తూ దండాలు పెట్టింది. చాయ్ తాగుతున్న ఒకావిడ కప్పు పక్కన పెట్టి, లారీకి అడ్డంగా వెళ్లి నిలబడి, ఏదో చట్టం పేరు చెప్పింది. గొంతు పెంచలేదు. వాళ్లు బండిని దించి వెళ్లిపోయారు. ఆవిడ వచ్చి మిగిలిన చాయ్ తాగింది. ఎవరో అడిగితే వకీలునని చెప్పింది. మళ్లీ కనపడలేదు.

ఆ సాయంత్రం వర్షిత తల్లికి తన మాట చెప్పింది. ఎన్నేళ్లు పడుతుందని భూలక్ష్మి అడిగింది. డిగ్రీ మూడేళ్లు, లా మూడేళ్లు.

“గప్పటిదాంక ఈ బండి ఉంటదా?” అంది భూలక్ష్మి.

అప్పటి నుంచి వర్షిత ఏం చేసినా లా కాలేజీ అడ్మిషన్ వైపు చూసుకునే చేసింది. ఒక్క సబ్జెక్టు తప్పకూడదు. మార్కుల శాతం పడిపోకూడదు. డిగ్రీ అయిన వేసవిలోనే లా ప్రవేశ పరీక్ష, లాసెట్ రాయాలి. టవర్ సెక్యూరిటీ వాళ్లు చదివేసిన ఇంగ్లిషు పేపరు అడిగి తెచ్చుకునేది. ఆదివారాలు కొత్తగూడలో ఒక మేడ మీది కోచింగ్ క్లాసుకు వెళ్లేది. అక్కడ చెప్పేది గిరీష్ సార్. కడప వైపు మనిషి, చందానగర్‌లో ఉంటాడు, కోర్టులో ఒక లాయరు దగ్గర జూనియర్. మొదటి క్లాసులోనే ఆయన ఇప్పటి నుంచే జాగ్రత్త పడాలన్నాడు. గొడవల్లోకి వెళ్లవద్దు, ధర్నాల్లో ముందు వరసలో నిలబడవద్దు, ఏ స్టేషన్‌లోనూ మీ పేరు ఉండకూడదు. అడ్మిషన్ నాడు అడుగుతారు, నల్లకోటు వేసుకునే నాడు మళ్లీ అడుగుతారు. వర్షిత ఆ మాటను మార్కుల శాతంలాగే గుర్తు పెట్టుకుంది.

మహేశ్ ఆ టవర్ అద్దాలు తుడిచేవాడు. తాడుకు కట్టిన చెక్కపీట మీద కూర్చుని పై నుంచి ఒక్కో అంతస్తూ దిగుతూ తుడుస్తాడు. వర్షిత వాళ్ల గల్లీలోనే, తల్లి పుణ్యవతితో ఉండేవాడు. చాయ్‌కి వచ్చినప్పుడల్లా ఆమె చేతిలో పుస్తకం చూసి నవ్వేవాడు.

“వకీలమ్మా, ఈ సూపర్‌వైజర్ కాడికెల్లి నాకు జర బెయిల్ ఇప్పియ్యరాదా?”

అద్దాల పని చేయించే సూపర్‌వైజర్ పక్కనే ఉండేవాడు. “ముందుగాల పెండ్లి చేసుకోరా. గా జైలుల బెయిలే ఉండది” అనేవాడు. ముగ్గురూ నవ్వేవారు.

వానలు వెలిసిన ఒక ఉదయం మహేశ్ చాయ్ తాగుతూ, బెల్టు కొక్కెం పట్టడం లేదని సూపర్‌వైజర్‌తో చెప్పాడు. నడుముకు కట్టుకుని రెండో తాడుకు తగిలించుకునే బెల్టు అది. పీట జారితే మనిషిని ఆపేది అదొక్కటే. కొత్తది వచ్చేదాకా ఎక్కనన్నాడు.

“రెండద్దాలే గదరా. బెల్టు లేకున్న ఏం గాదు, ఎక్కు” అన్నాడు సూపర్‌వైజర్. ఎక్కకపోతే రేపటి నుంచి రావద్దని కూడా అన్నాడు.

బండి దగ్గర ఇంకెవరూ లేరు. భూలక్ష్మి పాలకు వెళ్లింది. మహేశ్ కప్పు పారేసి వెళ్లాడు.

వర్షిత గిన్నె కడుగుతుండగా చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే పీట ఒక్కటే గాలిలో ఊగుతోంది.

మహేశ్ పోయాడు. మధ్యాహ్నానికల్లా టవర్ చుట్టూ ఒక మాట తిరిగింది. బెల్టు ఇచ్చారు, వాడే వద్దన్నాడు. తోటి పనివాళ్లూ అదే చెప్పారు. వాళ్లు మళ్లీ అదే తాడు పట్టుకోవాలి.

సాయంత్రం పుణ్యవతి వర్షిత వాళ్లింటికి వచ్చి గడప మీద కూర్చుంది. ఏడవలేదు.

“నా కొడుకు బెల్టు వద్దనెటోడు కాదు బిడ్డా. పొద్దుగాల నీ కాడనే చాయ్ తాగిండు. ఏమన్న ఇంటే చెప్పు. రేపు పోలీసోళ్లు బండి కాడికి వస్తరంట.”

వర్షిత తల ఊపింది. అది ఔననో కాదనో పుణ్యవతి అడగలేదు.

ఆమె వెళ్లాక వర్షిత విన్నదంతా తల్లికి చెప్పింది. గిరీష్ సార్ మాట కూడా చెప్పింది. సాక్షి అంటే స్టేషన్‌లో పేరు, సంతకం, ఆ తరువాత కోర్టు వాయిదాలు. భూలక్ష్మి ఆరిన స్టవ్ తుడుస్తూ, చదువుకున్నదానివి, నీకే తెలియాలి అంది. గిరీష్ సార్ నంబరు ఫోన్‌లో ఉంది. అడిగితే తన పేరు అప్పుడే బయట పడిపోతుందేమో అనిపించి, వర్షిత అడగలేదు.

మరునాడు కానిస్టేబుల్ వచ్చాడు. ముందు చాయ్ తీసుకున్నాడు.

“పిల్లగాడు పడంగ చూసినవా?”

“చూడలే సార్.”

అది నిజమే. ఏమైనా విన్నావా అని ఆయన అడగలేదు. అడిగినంతవరకే జవాబు చెప్పాలని వర్షిత క్లాసులో నేర్చుకుంది. ఆ చదువు పనికి రావడం అదే మొదలు.

తప్పు మహేశ్‌దేనని రాసి కేసు మూసేశారు. గల్లీలో పుణ్యవతి ఎదురైతే వర్షిత ఫోన్ చూసుకుంటూ దాటిపోయేది.

డిగ్రీ చివరి ఏడు వచ్చింది. లాసెట్ దరఖాస్తులకు ముందు ఒక ఆదివారం గిరీష్ సార్ సాక్షుల గురించి పాఠం చెప్పాడు. క్లాసు అయ్యాక అందరూ మెట్లు దిగేవరకు ఆగి వర్షిత అడిగింది. సాక్షిగా పేరుంటే లాయరు కావడానికి అడ్డమా అని.

“ఎవురు చెప్పినారమ్మా నీకు? నీ మీద కేసుంటే గదా అడిగేది. సాక్ష్యం చెప్పినోళ్లకు ఏమైతాది?” ఆయన పుస్తకాలు సర్దుకుంటూ నవ్వాడు. “లాయర్లయ్యేవాళ్లే సాక్ష్యానికి భయపడితే ఇంగ మనకు పనెక్కడుంటాది?”

వర్షిత మెట్లు దిగి, ఆటో ఎక్కి నేరుగా పుణ్యవతి ఇంటికి వెళ్లింది.

పుణ్యవతి ఒక నీలం యూనిఫాం ఉతికి తీగ మీద ఆరేస్తోంది. జేబు మీద ఆ టవర్ పనులు చూసే కాంట్రాక్టరు గుర్తు ఉంది. వర్షిత నిలబడే అంతా చెప్పింది. కొక్కెం, రెండద్దాలు, ఎక్కు అన్న మాట. ఇప్పుడైనా స్టేషన్‌కు వస్తానంది. కేసు మళ్లీ తెరవమని అర్జీ తనే రాస్తానంది.

పుణ్యవతి తడి యూనిఫాం చేతులు లాగి సరిచేసింది.

“గప్పుడు నీ గడప మీద కూసున్న.”

పుణ్యవతి యూనిఫాంకు క్లిప్పులు పెట్టింది.

“ఇగ ఎవ్వలకు చెప్పకు. గా సూపర్‌వైజరే నన్ను పనిల పెట్టిచ్చిండు. లోపటి దిక్కు అద్దాలు తుడుస్త. వాడే బెల్టు వద్దన్నడని నేను గూడ వేలిముద్ర ఏసిన. ఇప్పుడు నువ్వొచ్చి కాదంటే నేనేం తినాలె?”

అంతలో పక్కింటివాళ్లు నీళ్లకు పిలిచారు. ఆమె బిందె తీసుకుని వెళ్లింది.

ఆ వేసవి వర్షిత లాసెట్ రాసింది. మంచి ర్యాంకు వచ్చింది, సీటూ వచ్చింది. అడ్మిషన్ నాడు ఆమె మీద కేసులేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవంది. తలెత్తకుండానే ముద్ర వేసి తరువాతి మనిషిని పిలిచారు.

లా కాలేజీ మొదలయ్యాక కూడా పొద్దున బండి దగ్గర ఆమే ఉంటోంది. షిఫ్టుకు ముందు పుణ్యవతి నీలం యూనిఫాంలో వస్తుంది. ఆమె వెనకే సూపర్‌వైజర్ వస్తాడు.

“వకీలమ్మా, రెండు చాయ్.”

ఒకటి తనకు, ఒకటి పుణ్యవతికి. వర్షిత పోస్తుంది. పుణ్యవతి కప్పు అందుకుని, టవర్‌కు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి తాగుతుంది.