ద్వారకానాథ్ గారి ద్రాక్షాసవం

రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని అందరూ హడలిపోతున్న రోజుల్లో ద్వారకానాథ్ గారు తెనాలి నుంచి సిడ్నీకి వచ్చారు. తీరా ఏదీ కూలలేదు. అది తన పుణ్యమేనని ఆయన మాకందరికీ చెప్పారు. ఏమీ జరగకపోవడాన్ని ఘనకార్యంగా చెప్పుకోగలిగిన మనిషిని అంతకుముందు నేను చూసి ఎరగను. ఆ ఊపులోనే క్వేకర్స్ హిల్‌లో ఇల్లు కొన్నారు. ఆ ఊపులోనే వైను గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టారు.

మనిషి మంచివారు, ఆ మాట ముందే చెప్పాలి. కొత్తగా దిగిన కుర్రాళ్లకి పరుపులూ బల్లలూ తన కారు నెత్తిన కట్టి తెచ్చిపెట్టేవారు. చిక్కల్లా ఆయన ఆచారంతోనే. గుడ్డు తగిలి ఉంటుందని కేకు ముట్టరు. జాఫర్ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగరు.

జాఫర్ కర్నూలువాడు. ద్వారకానాథ్ గారి ఆఫీసులోనే పని, మా వీధి చివరే ఇల్లు. నన్ను నోరారా అక్కా అని పిలుస్తాడు. వాళ్లింటికి పిలిచినప్పుడల్లా ద్వారకానాథ్ గారు జేబులో అరటిపండు పెట్టుకుని వెళ్లేవారు. "ఏమనుకోకు భాయ్, ఆచారం" అని అందరూ తింటుండగా ఒలుచుకునేవారు. జాఫర్ ఏమీ అనుకునేవాడు కాదు. అనుకున్నది అతని భార్య ఫరీదా. ఆ పిల్ల శాకాహారానికని విడిగా ఒక మూకుడు, గరిటె, గిన్నెలు కొని పై అరలో దాచింది. మాంసం తగలనీయలేదు సరికదా, ఆ అర దగ్గరికి ఎవరినీ రానీయలేదు. వాళ్లు కొత్త ఇల్లు కట్టుకున్నారు, భోజనాలు వచ్చే ఆదివారమన్నారు. "ప్రసూనక్క వాళ్లు ఒక్కసారి మా ఇంట్లో అన్నం తింటే చాలక్కా, ఇల్లు ఇల్లయినట్టుంటుంది" అని నా దగ్గర అంది. ప్రసూనక్క అంటే ద్వారకానాథ్ గారి భార్య జ్ఞానప్రసూన. అరటిపండు సంగతి తెలిసీ ఆ పిల్ల ఆశ పెట్టుకుంది.

ఇంత ఆచారంలోకి వైను ఎలా దూరిందంటే, తలుపు తీసింది ఆయనే. ఆఫీసు విందులో మేనేజరు గ్లాసు అందించాడట. ఈయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఆలోచించారట. ఇది కల్లు కాదు, సారా కాదు, ద్రాక్షాసవం. ఆయుర్వేదంలో ఉన్నదే. తాతగారు భోజనమయ్యాక రెండు చెంచాలు పుచ్చుకునేవారు. మనవడి దగ్గరికొచ్చేసరికి ఆ చెంచా గ్లాసయింది, గ్లాసు సీసా అయింది, సీసా కాస్తా ఏటేటా యాత్ర అయింది.

యాత్ర అని ఊరికే అనలేదు. ఇక్కడ ఆకులు ఎర్రబడి చలి మొదలయ్యే ఏప్రిల్‌లో వ్యాను అద్దెకు తీసుకుని, ముందు హెలెన్స్‌బర్గ్ గుడిలో స్వామి దర్శనం చేసుకుని, పులిహోర కట్టించుకుని, అట్నుంచటే ద్రాక్షతోటలుండే టుంబరుంబా కొండలకు. ఫరీదా భోజనాలకి పిలిచిన వారమే ఆ ఏటి యాత్ర, గుడికన్నారని నేనూ ఎక్కాను. వ్యాను తోలింది జాఫర్. ఎందుకంటే మా అందరిలో తాగనివాడు అతనొక్కడే. భక్తులు తాగి పడకుండా ఇల్లు చేరడానికి ఒక ముసల్మాను దారంతా మంచినీళ్లతో గడపాలన్నమాట. మేం దర్శనం చేసుకుని వచ్చేదాకా చెట్టు నీడన కూర్చుని పిల్లలకు చలి కోట్లు తొడుగుతూ ఉన్నాడు.

ఆ కొండల మీద ఐలీన్ అనే ముసలావిడకి చిన్న తోట, వెనక రేకుల షెడ్డు ఉన్నాయి. పైన మంచుకొండల గాలి. రాత్రి చలికి పండు నెమ్మదిగా ముదురుతుందట, అందుకే పులుపు చావదట. ఇది ఆవిడ రెండు మాటల్లో చెప్పింది. ద్వారకానాథ్ గారు అరగంట చెప్పారు. గ్లాసు తిప్పి, ముక్కు ముంచి, "అంతా మట్టి మహిమండీ. ఇందులో కొండరాయి పలుకుతోంది" అన్నారు. పక్కన సత్యనారాయణ అనే ఇంజనీరు, ఆయన ఏమన్నా తలూపేవాడు, పలుకుతోంది సార్ అన్నాడు. రుచి చూసి ఉమ్మేయడానికి అక్కడ బకెట్టు పెట్టారు. ద్వారకానాథ్ గారు దాన్ని ససేమిరా ముట్టలేదు. నోట్లో పెట్టుకున్నది ఉమ్మితే అన్నపూర్ణకి కోపమట. ఆ తల్లికి కోపం రాకుండా ఆయన అన్నీ మింగారు.

చివర్న ఐలీన్ లోపలికి వెళ్లి ఒక మసక సీసా తెచ్చి, ఇది మీకోసం విడిగా ఉంచాను అంది. ద్వారకానాథ్ గారు దాన్ని వెలుతురుకి పట్టి చూసి నవ్వారు. బియ్యం కడిగిన కుడితిలా ఉందని మాతో తెలుగులో, తనకు ఆ తేటదే కావాలని ఆవిడతో ఇంగ్లీషులో అన్నారు. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. పోయినేడు ప్రసూన గారు తమవాళ్లు గుడ్డూ మాంసం ముట్టరని చెప్పారట. ఆ మాట గుర్తు పెట్టుకుని ఒక పీపాని వేరే ఉంచిందట. తెల్ల వైను అంత తేటగా రావాలంటే చేప తిత్తితో చేసిన బంక కలిపి మడ్డిని దించుతారు. మసకగా ఉన్నదాంట్లో ఏమీ కలపలేదు.

ద్వారకానాథ్ గారికి చెవులు పనిచెయ్యలేదు. పదేళ్ల కూతురు చైత్ర ఆయన మోచెయ్యి పట్టుకుని లాగింది.

"డాడ్, ఇట్స్ ఫిష్."

ఆయన బయటికి పరిగెత్తారు. వ్యాను దగ్గర కూర్చున్న జాఫర్ ఆయన ముఖం చూసి ఏమీ అడక్కుండా తన ఫ్లాస్కు మూత తీసి ఇచ్చాడు. ఫరీదా కాచి పోసిన నీళ్లు. ద్వారకానాథ్ గారు పుక్కిలించారు, ఉమ్మారు, మళ్లీ పుక్కిలించారు. మిగిలినవి గటగటా తాగేశారు. ఎవరింటి నీళ్లో అప్పుడు గుర్తు రాలేదు.

దారిలో తేరుకున్నారు. తేరుకోగానే శాస్త్రం దొరికింది. తెలియక చేసినది దోషం కాదన్నారు. బంక మడ్డితోపాటే అడుక్కి దిగిపోతుంది కాబట్టి తాగినట్టూ కాదన్నారు. బెంగాలు బ్రాహ్మలు చేపని జలపుష్పం అంటారు సార్ అని సత్యనారాయణ అందించాడు. పువ్వే కదా అని అందరూ తేలికపడ్డారు. డిక్కీలో తేట సీసాలు గలగలమంటున్నాయి. ఒక్కటీ తిరిగి ఇవ్వలేదు.

అంతవరకూ కిటికీలోంచి చూస్తున్న ప్రసూన గారు ఇటు తిరిగారు. ఆవిడ గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు.

"చేపకి ఇన్ని శాస్త్రాలు దొరికాయి కదా. ఫరీదా పప్పుకి ఒక్కటీ దొరకలేదా?"

జాఫర్ అద్దంలోకి చూడకుండా రోడ్డునే చూస్తూ తోలాడు. అదీ ఒక మర్యాదే.

"ఆదివారం నేనూ చైత్రా అక్కడే తింటాం" అన్నారావిడ. "మీరు అరటిపండు తెచ్చుకోండి."

ఆదివారం ద్వారకానాథ్ గారు అందరికంటే ఆలస్యంగా వచ్చారు. నేను ముందుగా జేబు చూశాను. ఖాళీ. సత్యనారాయణ నాలుగు కుర్చీల అవతల కూర్చుని, ఈయన తింటే తిందామని కంచం ముందు పెట్టుకుని చూస్తున్నాడు. పై అర మీది మూకుడు దిగింది. ఫరీదా దోసకాయ పప్పు వడ్డించి, పక్కకి వెళ్లకుండా గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ద్వారకానాథ్ గారు ముద్ద కలిపారు. ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశారు. ఇంకో వైపు తిప్పి చూశారు. ఈ కందిపప్పు ఏ నేలదో, ఆ మట్టిలో ఏముందో అని మొదలుపెట్టబోయారు.

"ఇక్కడ బకెట్టు లేదన్నా" అన్నాడు జాఫర్. "మింగెయ్."

మింగారు. కాసేపయ్యాక కంచం కొంచెం ముందుకు జరిపారు. ఫరీదా మారు వడ్డించింది. భోజనం చివర్లో పళ్లెంలో అరటిపండు తెచ్చి, వద్దంటున్నా ఆయన ముందే పెట్టింది.